రేడియేటరులో నీళ్లు పోస్తే చాలదా?

ఎండాకాలంలో బానెట్ ఎత్తి, రోడ్డు పక్కన ఆపిన కారును మీరు చూసే ఉంటారు. ఈ ఇబ్బంది కారుతోపాటే పుట్టింది.

కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మూడు చక్రాల బండికి రేడియేటరు లేదు. ఇంజను వేడికి నీరు మరిగి ఆవిరైపోయేది. ఆవిరితోపాటు వేడీ పోయేది. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా ఆ రకం బండిలోనే మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు, అంటే 100 కిలోమీటర్లకు పైగా వెళ్లారు. దారిలో పలుమార్లు ఆగి నీళ్లు పోసుకోవలసి వచ్చింది.

ఒకసారి పోసిన నీటినే చల్లార్చి మళ్లీ వాడుకునే మంచి మార్గాన్ని విల్‌హెల్మ్ మేబాఖ్ చూపాడు. 1900లో ఆయన రూపొందించిన తేనెపట్టు రేడియేటరులో 8,070 సన్నని గొట్టాలుండేవి. వాటి లోపలినుంచి గాలి, చుట్టూ నీరు ప్రవహించేవి. దాంతో 18 లీటర్ల నీటికి బదులు 9 లీటర్లే సరిపోయాయి.

అయితే చలిదేశాల్లో ఆ నీరు గడ్డకట్టి వ్యాకోచించి ఇంజనునే పగలగొట్టేది. మిథైల్ ఆల్కహాలు కలిపి చూశారు. అది 65 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరైపోయేది. చివరకు, ఫ్రెంచి రసాయనవేత్త వుర్ట్జ్ 1850ల్లో తయారుచేసిన ఇథిలీన్ గ్లైకాల్ అక్కరకొచ్చింది. 1927లో అమెరికాలో అది కార్ల కోసం అమ్మకానికి వచ్చింది. నీటిలో సగానికి సగం కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు.

"మన ఊళ్లో మంచు పడదు గదా, బోరు నీళ్లు చాలవా?" అని మీరడగవచ్చు. చాలవు. బోరు నీటిలో కరిగివున్న కాల్షియం బైకార్బొనేటు వేడికి విడిపోయి, నీళ్లు కాచే గిన్నె అడుగున కట్టినట్టే తెల్లని పొర కడుతుంది. ఆ పొర వేడిని సరిగా దాటనివ్వదు. ఇనుము, అల్యూమినియం ఒకే నీటిలో ఉంటే తుప్పు త్వరపడుతుంది. కూలెంటులో కలిపే నిరోధకాలు ఈ తుప్పును ఆపుతాయి. గ్లైకాల్ వల్ల మరుగు స్థానమూ కొన్ని డిగ్రీలు పెరుగుతుంది.

కానీ ఈ నిరోధకాలు కాలక్రమేణా ఖర్చయిపోతాయి. గ్లైకాల్ కూడా మెల్లగా ఆమ్లాలుగా మారుతుంది. అందుకే కారు పుస్తకంలో చెప్పిన గడువుకు పాతది తీసి కొత్తది పోయాలి.

ఇది ఇంట్లోనే చేసుకోవచ్చు. ఇంజను పూర్తిగా చల్లారాకే మూత తీయండి. వేడిగా ఉండగా తీస్తే, ఆవిరి పోకముందే ప్రెషర్ కుక్కర్ మూత తెరిచినట్టే. రేడియేటరు అడుగునున్న బిరడా విప్పి పాత ద్రవాన్ని తొట్టిలోకి పట్టండి. బిరడా బిగించి, స్వేదన జలం నింపి, హీటరును పూర్తి వేడిమీద ఉంచి కాసేపు ఇంజను నడపండి. చల్లారాక ఆ నీటినీ వదిలేయండి. నీరు తేటగా వచ్చేదాకా ఇలాగే చేసి, పుస్తకంలో చెప్పిన రకం కూలెంటును చెప్పిన పాళ్లలో నింపండి. లోపల చిక్కిన గాలి పోయాక మట్టం తగ్గితే మళ్లీ చల్లారాకే పోయండి.

ఒక్క హెచ్చరిక. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కాని విషం. ఒంట్లో ఆక్సాలిక్ ఆమ్లంగా మారి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. తొట్టిని పిల్లలకు, కుక్కలకు అందనివ్వకండి. పాత ద్రవాన్ని కాలువలో పారబోయకుండా మూతగల డబ్బాలో పోసి, పాత కూలెంటు తీసుకునే వర్క్‌షాపుకు అప్పగించండి.