నూతినీటిలోని ఫ్లోరైడును కొలిచిన స్ఫటికము



నూతినీరు మంచిదో కాదో తెలియుటకు మన పెద్దలు నాలుకను నమ్మిరి; ఆ నీట కందిపప్పు ఉడుకునా లేదా యని చూచిరి. ఆ పరీక్షలు మంచివే. కాని వానికి చిక్కని దోష మొకటి కలదు. అది ఫ్లోరైడు. త్రాగునీట నుండు కొలదిపాటి ఫ్లోరైడునకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. 1937లో షార్టు, పండిట్, రాఘవాచారి అను శాస్త్రజ్ఞులు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో వెన్నెముక బిగిసి, కీళ్లు వంగక బాధపడు జనులను గూర్చి వ్రాయుచు, ఆ వ్యాధికి మూలము త్రాగునీటి ఫ్లోరైడే యని వెల్లడించిరి.

మూలము తెలిసెను. కాని ఏ నూతిలో ఎంత? ఒకే యూరిలో ఈ నూతికిని ఆ నూతికిని భేదముండును. ప్రతి నూతిని వేరుగా కొలువవలెను. జిర్కోనియము, అలిజరిను కలిసిన ఎర్రని ద్రవమును నీటిలో కలిపినచో, ఫ్లోరైడు కొలది ఎరుపు వెలసిపోవును. దానిని కంటితో పోల్చి లెక్కకట్టెడివారు. నీటిలో అల్యూమినియము మొదలగునవి యున్నచో ఆ రంగు అబద్ధమాడును. అప్పుడు నీటిని ఆమ్లముతో బట్టీపట్టి ఫ్లోరైడును వేరుచేయవలసి వచ్చెడిది. ఒక్క నూతికే ఇంత శ్రమయైనచో వేల నూతుల మాట చెప్పనేల?

మరియొక దారి అంతకుముందే జర్మనీలో మొదలైనది. పలుచని గాజుపొర కిరువైపుల పులుపులో భేదముగల ద్రవములుంచినచో విద్యుత్పీడన భేదము పుట్టునని 1906లో మాక్స్ క్రేమరు కనుగొనెను. 1909లో హేబరు, క్లెమెన్‌సీవిచ్ దానిని కొలతకు తగినట్లు తీర్చిదిద్దిరి. అమెరికాలో బెక్మను 1934లో దానికి మంచి మీటరును కూర్చినది నిమ్మరసపు పులుపు చూచుటకట! లవణములు నీట కరగినపుడు విద్యుదావేశముగల కణములుగా విడిపోవును, అవియే అయానులు. పులుపునకు కారణమైన హైడ్రోజను అయానును గాజు గుర్తించెను. ఫ్లోరైడు అయానును గుర్తించు పొర దొరకుటకు క్రేమరు నాటినుండి 60 ఏండ్లు పట్టినది.

1966లో ఫ్రాంటు, రాస్ అను అమెరికనులు లాంథనము ఫ్లోరైడు స్ఫటికమును గొట్టపు కొనకు అమర్చిరి. ఆ స్ఫటికములో ఫ్లోరైడు కణము ఒక ఖాళీనుండి మరొక ఖాళీకి జరుగగలదు. నీటిలోని తక్కిన అయానులకు దాదాపుగా దారిలేదు. గొట్టములోపల తెలిసిన బలముగల ఫ్లోరైడు ద్రవము, వెలుపల మన నూతినీరు. 25 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమివద్ద నీటి ఫ్లోరైడు బలము పదింతలు మారినచో పీడనము సుమారు 59 మిల్లీవోల్టులు మారును. ముందుగా తెలిసిన ద్రవములతో సరిచూచుకొన్నచో, లీటరునకు 1.5 మిల్లీగ్రాములను ప్రపంచ ఆరోగ్యసంస్థ హద్దును నీరు దాటినదో లేదో కొద్ది నిమిషములలో తెలియును.

అయినను ఇందొక చిక్కు కలదు. 1970వ దశకమున నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు, పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నల్లగొండ పేరిట రూపొందించిరి. పటికలోనిది అల్యూమినియమే. అది నీట మిగిలినచో ఫ్లోరైడును పెనవేసుకొని స్ఫటికమునకు కనబడనీయదు. లెక్క తక్కువగా వచ్చును. ఇట్టి బంధమును విడదీయుటకే ఫ్రాంటు, రాసులు 1968లో సిట్రేటు చేర్చిన యొక ద్రవమును ప్రకటించిరి. సిట్రేటనగా నిమ్మపులుపునకు సంబంధించిన లవణమే. మీ యూరి శుద్ధిచేసిన నీటిని కొలుచుటకు వచ్చినవారిని, ఆ ద్రవమును కలిపిన పిమ్మటనే లెక్క వ్రాసితిరా యని అడుగుడు.