పరసీమలో జపానువారి పూటకూళ్ల యిల్లు

పుట్టినసీమను విడిచి పరసీమలో కాపురము పెట్టినవారి చరిత్రము రాజశాసనములలో దొరకునది కొంచెము. వారి వంటయింటిలో దొరకునది మెండు. షోలాపురమున మగ్గముల చప్పుడు నడుమ నాలుగు తరములనుండి తెలుగు పలుకుచు, జొన్నరొట్టెను మరాఠీ మాటను గూడ తమవిగా చేసికొన్న కుటుంబములలోనివారము గనుక ఈ సంగతి మాకు ముందే తెలిసియుండవలసినది. కాని అది మా మనసునకు తగిలినది అమెరికాలో, లాస్ ఏంజెలిస్ నగరమున, ఒక చిన్న జపాను భోజనశాలలో.

2024వ సంవత్సరమున మా చిన్నకుమారుని చూడబోయినపుడు అతడు మమ్ములను 'లిటిల్ టోక్యో' అను పేటకు తీసికొనిపోయెను. అక్కడి ఫస్ట్ స్ట్రీటు కాలిబాటలో, ఏయే కాలమున ఏయే అంగడి యుండెనో ఆ పేర్లను నేలలోనే పొదిగియున్నారు. గుమాస్తాగిరిలో చిట్టాలు చదివి చదివి వృద్ధులమైన మేము తలవంచుకొని ఆ నేలచిట్టాను చదువుచు నడచితిమి.

ఆ పేటకు మొదలు ఒక పూటకూళ్ల యిల్లే. 1880వ దశకమున హమనోసుకే షిగెటా అను మాజీ నావికుడు 'కామే' అను భోజనశాలను తెరచెను. అతడు వడ్డించినది జపాను వంట కాదు, అమెరికనుల వంట. చేరిన ఊరివారికి నచ్చినది వండి పొట్టపోసికొనుట వలసవారి మొదటి మెట్టు. తమ వంట తాము తినవలెనన్న తమవారు నలుగురు చేరవలెను. ఆ నలుగురును క్రమముగా చేరిరి. 1903లో వెలసిన ఫుగెట్సుడో అను మిఠాయి అంగడి బియ్యముతో చేయు 'మోచి'ని నేటికిని ఒకే కుటుంబము చేతిమీదుగా అమ్ముచున్నది. 1906లో శాన్ ఫ్రాన్సిస్కో భూకంపమువలన నిలువనీడ లేనివారు అనేకులు ఇటు వచ్చుటచే పేట పెరిగెను. 1924నాటి శాసనము జపానునుండి క్రొత్తవారి రాకను ఆపివేసెను. మొదటి తరమును 'ఇస్సేయి' అనియు, రెండవదానిని 'నిసేయి' అనియు, మూడవదానిని 'సాన్సేయి' అనియు వారు లెక్కించుకొందురు. తరములను ఇట్లు లెక్కపెట్టుకొనుట వలసవారికి సహజము. మనమును చేయుచునే యున్నాము.

మేము భోజనము చేసిన యిల్లు పదిమందికి మించి పట్టనిది. వాకిట 'నోరెన్' అను చీలిక తెర వ్రేలాడుచుండెను. కూర్చున్నంతనే వేడినీట తడిపి పిండిన చిన్న తువాలును చేతికిచ్చిరి. మాది తువాళ్లు నేయు ఊరు. చేతులు తుడుచుకొనుటకు ముందు దాని నేతను తడవి చూచితిమి. పిదప అన్నము, సోయాముద్ద కలిపిన మిసో చారు, కాల్చిన చేప, టోఫు, ఊరవేసిన ముల్లంగి వచ్చినవి. ఒక చిన్న గిన్నెలో ఎఱ్ఱని కాయ యుండెను. దానిపేరు 'ఉమెబోషి', ఉప్పులో ఊరబెట్టి ఎండబెట్టిన పుల్లని కాయ. మా ఇంటావిడ దానిని నాలుకపై నుంచుకొని, “మాగాయలో కారం వెయ్యడం మరిచారు” అనెను. తినుపుల్లలను అన్నములో నిలువుగ గ్రుచ్చరాదని మా కుమారుడు హెచ్చరించెను. అది చనిపోయినవారికి పెట్టు అన్నపు పద్ధతి యట. పితృకార్యపు అన్నమును వేరుగా చూచు మనకు ఆ మాటలో వింత లేదు.

ఆ యిల్లు నడుపు పెద్దావిడ మూడవ తరమునకు చెందినది. ఇంటిలో జపాను భాష మాటలాడుదురా యని మా కుమారునిచేత అడిగించితిమి. ఆమె నవ్వి, “భోజనమునకు ముందు చెప్పు మాటయు, తరువాత చెప్పు మాటయు వచ్చును. నడుమ చెప్పవలసినవి రావు” అనెను. ముందుమాట 'ఇతదకిమాసు', అనగా వినయముతో స్వీకరించుచున్నానని. కడపటిమాట 'గోచిసోసమా', అనగా విందునకు కృతజ్ఞత.

ఆ నడిమి మాటలు ఏమైనవి? 1941 డిసెంబరులో జపాను పెర్ల్ హార్బరుపై దాడిచేసెను. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్వెల్టు 9066వ సంఖ్యగల ఉత్తరువుపై సంతకము చేసెను. పశ్చిమతీరమునుండి సుమారు 1,20,000 మంది జపాను సంతతివారిని ముండ్లకంచెల శిబిరములకు తరలించిరి. వారిలో మూడింట రెండువంతులు అమెరికాలో పుట్టిన పౌరులే. శిబిరములలో కుటుంబమునకొక వంటయిల్లు లేదు. వేళకు వరుసలో నిలిచి పెద్దశాలలో అందరును తినవలెను. పిల్లలు ఈడువారితో ఒక బల్లయొద్దను, తల్లిదండ్రులు వేరొకచోటను తినసాగిరి. ఇట్లు ఇంటి పంక్తి చెడెను. మాన్జనార్ శిబిరమున వారు తామే సోయారసమును టోఫును చేసికొనిరి గాని, పంక్తిని మాత్రము నిలుపుకొనలేకపోయిరి. జపాను పలుకు శత్రువు పలుకుగా నెంచబడుటచే, విడుదలైన పిదప గూడ అనేకులు దానిని పిల్లలకు నేర్పుటకు జంకిరి.

తిరిగి వచ్చినవారిని మొదట ఆదుకొన్నదియు అన్నమే. 1935లో చీనావారు ఆ వీధిలో తెరచిన 'ఫార్ ఈస్ట్ కఫే', చేత కాసులేని జపానువారికి అరువుమీద భోజనము పెట్టెనని ఆ పేటవారు నేటికిని చెప్పుకొందురు. జపాను సేనలు చీనాలో చేసిన ఘోరములను తలచినచో ఆ అన్నపు విలువ తెలియును. ప్రభుత్వము క్షమాపణ చెప్పి, బ్రతికియున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇచ్చుటకు శాసనము చేసినది 1988లో. 1995లో పేట జాతీయ చారిత్రక స్థలముగా గుర్తింపబడెను. 2024లో, పాత అంగళ్లు నిలువలేని స్థితి వచ్చినందున, ఆపదలోనున్న చారిత్రక స్థలముల జాబితాకు ఎక్కెను.

కాలముతో వంటయు మారినది. అవకాడో పండు పెట్టి చుట్టిన 'కాలిఫోర్నియా రోల్' జపానునుండి వచ్చినది కాదు, ఈ ఖండముననే పుట్టినది. అందులో తప్పేమియు లేదు. జొన్నరొట్టెతో గోంగూర తిను మనము దానిని తప్పుపట్టరాదు. వంట మారియు బ్రతుకును. మాట మాత్రము పంక్తిలో పలుకకున్న బ్రతుకదు.

చదువరులారా, మనలను ఎవ్వరును కంచెలలో పెట్టలేదు. మన పలుకును శత్రువు పలుకనినవారును లేరు. అయినను మన యిండ్లలో ఒకరు టీవీ ముందు, ఒకరు చేతిఫోను ముందు, ఒకరు అందరును లేచినపిదప తినుచున్నాము. షోలాపురమున మాతోనుండు పెద్దకుమారుని పిల్లవానికి “అన్నం పెట్టు”, “చాలు” అను రెండు తెలుగు మాటలు చక్కగా వచ్చును. నడిమి మాటలు రావు. ఆ పెద్దావిడ నవ్విన నవ్వు మాకు అప్పుడు అర్థమాయెను. తిరిగివచ్చినది మొదలు రాత్రి భోజనమునకు అందరును ఒక్కచోట కూర్చుండవలెనని నియమము పెట్టితిమి.

మొదటి రాత్రి మనుమడు మూడు మాటలు తెలుగున పలికెను. నాలుగవది మరాఠీలో పడెను. మేము దిద్దలేదు. పంక్తినుండి లేవకున్న అదియే చాలునని, వాని విస్తరిలో మరికొంచెము మాగాయ వేసితిమి.