కాలాపానీ: జైలు కట్టకముందు

1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి హైదరాబాదు రెసిడెన్సీపై దండెత్తిన మౌల్వీ అలావుద్దీన్ చివరికి అండమాన్ దీవులలోనే కన్నుమూశారు. ఆయనను సెల్యులర్ జైలులో బంధించారని మన ఉపన్యాసకులు చెప్పడం పరిపాటి. అది పొరపాటు. ఆ జైలు నిర్మాణం 1896లో మొదలై 1906లో ముగిసింది. అప్పటికే మౌల్వీగారు గతించారు. అల్లామా ఫజ్లె హఖ్ ఖైరాబాదీ (రహ్మ) మరణం ఇంకా ముందు, 1861లో. మరి వీరు అనుభవించిన శిక్ష ఏది?

గోడలు లేని శిక్ష అది. 1858 మార్చిలో డాక్టర్ వాకర్ రెండు వందల మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్‌లో దిగేసరికి అక్కడ ఉన్నది దట్టమైన అడవి. (2024లో ఆ ఊరి పేరును శ్రీ విజయపురంగా మార్చారు.) ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వాన కురిసే చోటు; మన మర్రిపాడు మెట్టలవారి ఊహకు అందదు. చెట్లు నరకడం, నేల చదును చేయడం, బాటలు వేయడం ఖైదీల పని. జ్వరాలకు, వ్రణాలకు ఎందరో బలయ్యారు. అక్కడి బాధలను అల్లామా అరబీలో గ్రంథస్థం చేశారు. ఆ వాక్యాలను తెనిగించబోయి నేను పలుమార్లు కలం పక్కన పెట్టాను.

అయితే ఆ అడవి నిర్జనం కాదు. 1859 మేలో అండమాన్ ఆదివాసులు అబర్డీన్ వద్ద విల్లంబులతో తిరగబడ్డారు. బలవంతంగానే అయినా, మన బందీల చేతి గొడ్డలి పడింది వారి అడవిపైనే. ఈ సంగతి మన రచనల్లో అరుదుగా కనిపిస్తుంది.

కొన్నేళ్లు సక్రమంగా మెలిగిన ఖైదీకి భూమి ఇచ్చి సాగు చేసుకోనిచ్చేవారు. స్త్రీ ఖైదీని పెళ్లాడే అనుమతీ దొరికేది. ఊళ్లు అలా వెలిశాయి. వేర్వేరు రాష్ట్రాల నుండి వచ్చినవారి మధ్య హిందుస్తానీ ఉమ్మడి భాషగా స్థిరపడింది. 1866లో చేరిన మౌలానా జాఫర్ థానేసరీ అక్కడ మున్షీగా పనిచేసి, సంసారం ఏర్పరచుకుని, 1883లో విడుదలయ్యారు. ఆయన 'తవారీఖె అజీబ్'లో చెరకంటే ఊరే ఎక్కువ కనిపిస్తుంది. చాతం దీవి రంపపు మిల్లు కూడా 1883 నాటిదే; పడౌక్ కలప చిరకాలం ప్రధాన ఆదాయం. తర్వాత కొబ్బరి, పోక, చేపలవేట, ఇటీవల పర్యాటకం తోడయ్యాయి.

1921 మలబారు తిరుగుబాటు తర్వాత పంపబడిన మాపిళ్లలు తమ పల్లెలకు సొంతూళ్ల పేర్లే పెట్టుకున్నారు. మంజేరి, తిరూర్, కాలికట్ అనే గ్రామాలు దక్షిణ అండమాన్‌లో నేటికీ ఉన్నాయి. ఉత్తరాంధ్ర తీరం నుండి కూలికి, చేపలవేటకు వెళ్లినవారి సంతతి కూడా తక్కువేమీ కాదు: 2011 జనాభా లెక్కల్లో అక్కడ బెంగాలీ, హిందీ, తమిళాల తర్వాత స్థానం తెలుగుదే.