నాలుగు మూలలు – ఎనిమిది కోతలు

‘ఆడలేక మద్దెల ఓడు’ అన్న సామెత మనకెప్పుడూ నాలుక చివరే ఉంటుంది. పటాలు కట్టే అతను “రంపం సరిగ్గా లేదమ్మా” అన్నాడో లేదో, అప్పజెప్పేస్తాం. కానీ ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడై ఉంటుందండీ! ఆ రంపం చరిత్ర కాస్త వింటే మీరూ ఒప్పుకుంటారు.

ముందు గోడమీది వేంకటేశ్వరస్వామి పటం మూలల్ని చూడండి. రెండు పట్టెలు ఏటవాలుగా వచ్చి ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. ఒక్కొక్క పట్టె కొసను 45 డిగ్రీల వాటంలో కోస్తేనే, రెండూ కలిసి 90 డిగ్రీల మూల అవుతుంది. దీన్నే మైటర్ కోత అంటారు. గద్వాల చీర కట్టేవారికి ఇది విడమరచి చెప్పాలా? ఒంటికి నూలు, అంచుకు పట్టు. రెండూ కలిసేచోట పోగుకు పోగు మెలిపెడతారు. ‘కుట్టు’ అంటారు దాన్ని. చీర పనితనమంతా ఆ కలయికలోనే ఉంది. చెక్కపనీ అంతే.

ఇంతకీ ఇన్ని పటాలు మన ఇళ్లకెలా చేరాయంటారా? రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చు యంత్రం పెట్టించాడు. అంతవరకూ ఎక్కువగా రాజుల మేడల్లోనే ఉన్న ఆయన రంగుల బొమ్మలు, లక్ష్మీ సరస్వతుల రూపంలో మామూలు ఇళ్లకూ నడిచొచ్చాయి. కాగితం వచ్చాక అద్దం కావాలి, అద్దానికి చట్రం కావాలి. ఆ తర్వాత పెళ్లి ఫోటోలు, వాటి వెనకే గోడెక్కిన మామగార్లు!

చట్రాలు కట్టేవారికి మొదట ఉన్నది మూడు పలకలతో చేసిన చిన్న తొట్టి. దాని పక్కలకు ఏటవాలు గాట్లుంటాయి. పట్టెను అందులో పెట్టి, గాట్లో రంపం ఆడించడమే. ఉపాయం మంచిదే, కానీ కోసినకొద్దీ గాటు అరిగి వెడల్పవుతుంది. రంపం ఊగుతుంది. మూల నోరు తెరుస్తుంది. తిట్లు మాత్రం మనిషికి!

ఇక గుండ్రటి రంపం సంగతి. అమెరికాలో టబితా బాబిట్ అనే ఆవిడ రాట్నం తిప్పుతూ, ఇద్దరు మగవాళ్లు పెద్ద రంపం లాగడం చూసిందట. ముందుకు లాగితేనే తెగుతోంది, వెనక్కి లాగినప్పుడు శ్రమంతా వృథా. ఈ రాట్నంలాగే రంపం తిరిగితే? అనుకుని 1813లో చేసిందని కథ. చరిత్రకారులు దీన్ని పూర్తిగా ఒప్పుకోరు. ఇంగ్లండులో శామ్యూల్ మిల్లర్ 1777లోనే పేటెంటు పుచ్చుకున్నాడు మరి. అయినా రాట్నం దగ్గర కూర్చున్న ఆడదానికి తట్టని ఆలోచనేం కాదు లెండి. ఆ గుండ్రటి బిళ్లను మోటారుకు బిగించి, కోణానికి తిప్పి కిందికి దించే మైటర్ రంపం 1964 ప్రాంతంలో అమెరికాలో రాక్‌వెల్ కంపెనీలో పుట్టింది.

మోటారు ఉన్నంత మాత్రాన కోత కుదురుతుందనుకోకండి. చట్రానికి నాలుగు మూలలు, ఎనిమిది కోతలు. ఒక్కొక్కటీ ఒకే వైపుకు అర డిగ్రీ తప్పితే, చివరి మూలకు వచ్చేసరికి నాలుగు డిగ్రీల తేడా! దాన్ని లక్క పూసి దాచాలి, లేదా పట్టె పారెయ్యాలి. నాగర్‌కర్నూల్ జిల్లాలోని నల్లమల ఇప్పుడు పులుల అభయారణ్యం. టేకు ఇష్టమొచ్చినట్టు కొట్టుకొచ్చే సరుకు కాదు. వృథా అయిన ప్రతి జానెడూ పనివాడి కూలిలోంచే పోతుంది.

అందుకే రంపం కొనేటప్పుడు రంగూ రూపూ కాదు చూడాల్సింది. పిడి పట్టుకుని అటూ ఇటూ కదిపితే లొడలొడలాడకూడదు. 45 గుర్తు దగ్గర ‘టక్’మని గాడిలో కూర్చోవాలి. పట్టె ఆనించే ఇనుప అంచు తిన్నగా ఉండాలి. పది అంగుళాల బిళ్లకు 60కి పైగా పళ్లుంటే చట్రాలకు నునుపైన కోత వస్తుంది. 24 పళ్లది మోటుపనికి. బిళ్లమీద మూత దానంతటదే పడాలి. వేళ్లకంటే విలువైంది లేదు కదా! చివరిగా, రెండు ముక్కలు 45కి కోయించి, జతచేసి, మూలమట్టం పెట్టి చూడాలి. సందులోంచి వెలుతురు కనిపిస్తే, ముందు సరిచేయించాలి. అప్పటికీ కుదరకపోతే వద్దనాలి.

వనపర్తి రాజావారి మేడలో 1959లో పాలిటెక్నిక్ వెలిసింది. అలాంటి చోట్ల వర్క్‌షాపులో పిల్లలకు ముందు చేతికిచ్చేది చేతి రంపమూ మూలమట్టమే. వంకర ఎక్కడుందో కన్ను పట్టుకోగలిగితేనే గదా, యంత్రం చేసిన తప్పు తెలిసేది!

వడ్లాయన ఇంట్లో ఆ రంపం డబ్బు చాలాసార్లు ఇల్లాలి పొదుపులోంచే వస్తుంది. చవకది కొంటే పని చెడుతుంది. ఖరీదైంది కొంటే అప్పు మిగులుతుంది. ఆ ఇద్దరూ ఎన్ని రాత్రులు లెక్కలేసుకుని కొన్నారో మనకు తెలియదు. ఈసారి పటం తెచ్చుకునేటప్పుడు నాలుగు మూలలూ వేలితో తడిమి చూడండి. గోరు ఎక్కడా తట్టుకోకపోతే మాత్రం, దయచేసి బేరమాడకండి.