కళ్ళజోడూ, కోటేరు ముక్కూ

మీ కళ్ళజోడు ఓసారి తీసి, చెవి మీదికెళ్ళే కాడ లోపలివైపు చూడండి. 52-18-140 లాంటి అంకెలుంటాయి. అద్దం వెడల్పు, రెండద్దాల మధ్య దూరం, కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. ముక్కు ఎత్తు చెప్పే అంకె మాత్రం ఉండదు. మన భాషలో చెప్పాలంటే దాన్నెవరో హార్డ్‌కోడ్ చేసేశారన్నమాట. మరి ఎవరి ముక్కు చూసి?

కళ్ళజోడు పుట్టింది 13వ శతాబ్దం చివర్లో, ఇటలీలో. అప్పట్లో కాడల్లేవు, ముక్కునే పట్టుకుని ఉండాలి. కోటేరు ముక్కులకి ఫర్లేదు. 16వ శతాబ్దంలో అదే సరుకు జపాన్ చేరింది. 1616లో పోయిన తొకుగావా ఇఎయాసు జోడు కునోజాన్ తోషోగూ ఆలయంలో ఇప్పటికీ భద్రంగా ఉంది. దానికీ కాడల్లేవు.

అక్కడ చాలామందికి ముక్కు దూలం ఎత్తు తక్కువ. జోడు జారేది, అద్దాలు కనురెప్పల వెంట్రుకలకి తగిలేవి. దాంతో అక్కడి పనివాళ్ళు చెవులకి తగిలించుకునే దారాలు కట్టారు. రెండద్దాల మధ్య నుంచి పైకి, నుదుటికి ఆనేలా చిన్న ఆసరా కూడా పెట్టారు. ఎంత తేలిగ్గా తేల్చేశారో చూడండి!

అంత పాత పరిష్కారం ఉండి కూడా, ఫ్యాక్టరీల కాలంలో కథ మళ్ళీ మొదటికొచ్చింది. లోహపు ఫ్రేముకైతే ముక్కు దగ్గరి ప్యాడ్లు వంచి సరిచేసుకోవచ్చు. ప్లాస్టిక్ ఫ్రేముల్లో చాలావాటికి ఆ వీల్లేదు, ముక్కు ఆనే చోటు ఫ్రేములోనే కలిసిపోయి ఉంటుంది. పెద్ద బ్రాండ్ల కొలత యూరోపియన్ ముఖానిదే. మిగతావాళ్ళ కోసం తర్వాతెప్పుడో ఓక్లీ లాంటి కంపెనీలు "ఏషియన్ ఫిట్" అని విడిగా అమ్మాయి. ఇప్పుడు దాన్నే "లో బ్రిడ్జ్ ఫిట్" అంటున్నాయి. నన్నడిగితే ఈ పేరే సరైనది. ఏషియా అంతటికీ ఒకటే ముక్కా? మన ఇళ్ళలోనే అన్నది కోటేరు ముక్కు, తమ్ముడిది చప్పిడి ముక్కు. ఆఫ్రికా మూలాలున్నవాళ్ళలోనూ ఇదే కొలత కావల్సినవాళ్ళు బోలెడు మంది. కొలతకి కొలత పేరే పెట్టాలి, జాతి పేరు కాదు.

జారితే ఏమైందిలే అనుకోకండి. మైనస్ 8 అద్దం కంటికి 5 మిల్లీమీటర్లు దూరం జరిగితే దాదాపు మైనస్ 7.7 లాగే పనిచేస్తుంది. రోజంతా మానిటర్ చూసేవాళ్ళం, ఆ తేడా మోసేది మన కళ్ళే.

ఈసారి షాపువాడు "మీ ముక్కు చప్పిడి సార్, అందుకే జారుతోంది" అంటే నొచ్చుకోకండి. ఆ ముక్కుకి సరిపడే ఫ్రేము చూపించమనండి. బగ్ ఉన్నది ఫ్రేములో.