వేలిముద్రలు, పత్రములు: ట్రాన్సువాలు కథ

1908వ సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదీ ఉదయమున, జోహాన్నెస్‌బర్గు నగరములో గాంధీజీ నమోదు కార్యాలయమునకు నడచి పోవుచుండగా, మీర్ ఆలమ్ అను పఠానుడును అతని తోడివారును అడ్డగించి, స్పృహ తప్పి పడిపోవునంతగా ఆయనను కొట్టిరి. ఆయన చేసిన నేరమెల్ల ప్రభుత్వము వారి గుర్తింపు పత్రము తీసికొనుటకు బయలుదేరుటయే. ఆ యేడే ఆగస్టు 16వ తేదీన అదే నగరములో హమీదియా మసీదు ఆవరణమున, మూడు కాళ్ల ఇనుప కాగులో కిరసనాయిలు పోసి, అట్టి పత్రములనే కుప్పలుగా తగులబెట్టిరి. ఆ సభను నడిపినవారును గాంధీజీయే. పత్రము తీసికొన బోయి దెబ్బలు తిన్న మనుష్యుడే ఆరు నెలలకు దానిని కాల్పించెను. ఆయన మాట మార్చెనా, లేక ఆ కాగితమే మారెనా? ఈ చిక్కు విడివడవలెనన్న మనము కొంత వెనుకకు పోవలసియున్నది.

1860లో మద్రాసు రేవు విడిచిన 'ట్రూరో' అను ఓడ 342 మందితో నవంబరు 16వ తేదీన దర్బను చేరెను. నాటినుండి 1911 వఱకు నేటాలు దేశమునకు ఒప్పందపు కూలీలుగా పోయినవారు లక్ష యేబదిరెండు వేలకు పైబడిరి. వారిలో తమిళులతో పాటు గోదావరి, విశాఖపట్టణము, ఉత్తర ఆర్కాటు ప్రాంతముల తెలుగువారును ఎందఱో కలరు. వారిలో ఒక్కొక్కరికి ఒక సంఖ్య నిచ్చి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, తుదకు ఒంటిమీది మచ్చలు కూడ పట్టికలకు ఎక్కించెడివారు. చెఱకు తోటలో చేరిన పిదప యజమాని చీటి లేనిదే ఎల్ల దాటి దూరము పోరాదు; పోయి పట్టుబడినచో శిక్ష. కాబట్టి కాగితము చూపుమను అధికారి మనవారికి క్రొత్తవాడు కాడు. గడువు తీరిన తరువాత కూలి స్వతంత్రుడగునని చెప్పిన మాట నమ్మి వచ్చినవారికి, స్వతంత్రులైన వెనుక సైతము చీటి వెంటాడుటయే బాధ అయ్యెను.

నేటాలులో 1897లో వచ్చిన వలస నిరోధ చట్టము భారతీయుల పేరే యెత్తలేదు. దేశములో అడుగిడ గోరువాడు ఏదైన ఐరోపా భాషలో దరఖాస్తు వ్రాయవలెనని మాత్రము విధించినది. తెలుగులో కావ్యములు చదివినవాడైనను, సంస్కృతమున శాస్త్రములు నేర్చినవాడైనను ఆ పరీక్షలో నిరక్షరాస్యుడే! చట్టములో వర్ణము పేరు లేకుండ వర్ణమును ఆపు ఈ ఉపాయమును బ్రిటిషు సామ్రాజ్యమునందలి ఇతర వలస రాజ్యములును పిమ్మట అనుసరించినవి.

నేటాలునకు వాయవ్యమున నున్న ట్రాన్సువాలులో అప్పటికి బోయరుల ప్రభుత్వముండెను. అచ్చట రాత్రి తొమ్మిది గంటలు దాటిన పిమ్మట అనుమతి చీటి లేని నల్లజాతివాడు వీథిలో కనబడరాదు. ఈ నిబంధన భారతీయులకును కొంతవఱకు వర్తించెడిది. 1893లో ప్రిటోరియా చేరిన యువ న్యాయవాది గాంధీకి రాత్రి నడక అలవాటు. అచ్చటి ప్రభుత్వ న్యాయవాది క్రౌజు గారు ఆయనకు చీటి యిచ్చుటకు మనసొప్పక, ఏ వేళనైనను పోలీసులు ఆటంకపఱుపరాదని ఒక లేఖ వ్రాసి యిచ్చెను. గాంధీజీ దానిని ఎల్లప్పుడు దగ్గఱ ఉంచుకొనెనట గాని, చూపవలసిన అవసరమే రాలేదట. సేవకునకు యజమాని యిచ్చు చీటికిని, పెద్దమనిషికి పెద్దమనిషి యిచ్చిన లేఖకును ఉన్న తారతమ్యము ఆయన మనస్సున అప్పుడే నాటుకొనియుండునని మా ఊహ.

ఇక వేలిముద్రల సంగతి. ఇది మన దేశమునుండియే ప్రపంచమునకు పోయిన విద్య అని చాలమంది యెఱుగరు. 1858లో వంగదేశమున జంగీపూరులో విలియం హెర్షెల్ అను దొర, రాజ్యధర్ కొనాయి అను కంట్రాక్టరుచేత ఒప్పంద పత్రముపై అఱచేతి ముద్ర వేయించెను. వంగదేశపు పోలీసు అధిపతి ఎడ్వర్డు హెన్రీ, తన క్రింది ఉద్యోగులైన అజీజుల్ హక్, హేమచంద్ర బోసుల పరిశ్రమతో, ముద్రలను వర్గీకరించు పద్ధతిని ఏర్పఱచెను. 1897లో భారత ప్రభుత్వము దానిని స్వీకరించెను. నేరస్థులను గుర్తించుటకు పుట్టిన ఆ పద్ధతిని వెంటబెట్టుకొని, 1900లో హెన్రీ దక్షిణాఫ్రికాలో పోలీసు శాఖను దిద్దుటకు వెళ్లెను. గాంధీజీ ఆయన గ్రంథమును చదివి, పది వేళ్ల ముద్రలను చట్టము నేరస్థులనుండి మాత్రమే కోరుచున్నదని గ్రహించెను.

బోయరు యుద్ధము ముగిసి ట్రాన్సువాలు బ్రిటిషువారి వశమైన పిదప, పూర్వము అచ్చట నివసించిన భారతీయులే తిరిగి రావలెనని అనుమతుల పద్ధతి పెట్టిరి. 1903లో మిల్నరు ప్రభువు, ఒకసారి నమోదైనవారు మఱల కావలసిన పని లేదని నచ్చచెప్పగా, మనవారు చట్టపు నిర్బంధము లేకున్నను బొటనవ్రేలి ముద్రలు వేసి పత్రములు తీసికొనిరి. ఇంతటితో నిలిచిన బాగుండెడిది. కాని తెల్ల వర్తకులు, భారతీయులు దొంగదారిన వేలకొలది వచ్చి పడుచున్నారని గగ్గోలు చేసిరి. ఒకరి పత్రముతో మఱియొకరు వచ్చుట, పత్రములు అమ్ముడుపోవుట అక్కడక్కడ జరిగిన మాట నిజమే. మనవారును దానిని కాదనలేదు. దోషులను పట్టి శిక్షింపుడు, జాతినంతటిని దోషిగా నెంచకుడు అని వారి వాదము. అనుమతులిచ్చు ఆసియా శాఖలోనే లంచములు పుచ్చుకొనిరని ఇద్దఱు అధికారులపై విచారణ నడిచినది. జూరీ వారిని విడిచిపెట్టినను, ప్రభుత్వము కొలువునుండి తొలగించినది. తలుపు కావలివాడే తాళము అమ్ముకొన్నప్పుడు ఇంటివారినందఱిని సోదా చేయుమనుట ఎట్టి న్యాయమో!

1906 ఆగస్టు 22వ తేదీన వెలువడిన ముసాయిదా శాసనములో, ఎనిమిదేండ్లు దాటిన ప్రతి భారతీయుడును మఱల నమోదై, వేలిముద్రలతో క్రొత్త పత్రము తీసికొనవలెనని యుండెను. ఏ పోలీసువాడు, ఎచ్చట, ఎప్పుడు అడిగినను దానిని చూపవలెను. పోలీసులు ఇండ్లలో ప్రవేశించియు అడుగవచ్చును. లేనివారికి జరిమానా, చెఱ, దేశ బహిష్కారము. ముసాయిదాలో స్త్రీలనుగూడ చేర్చిరి. ఆందోళన చెలరేగగా ఆ ఒక్క నిబంధనను మాత్రము తీసివేసిరి.

సెప్టెంబరు 11వ తేదీన ఎంపైరు నాటకశాలలో సుమారు మూడువేల మంది చేరి, ఈ శాసనమునకు లోబడమని తీర్మానించిరి. హాజీ హబీబ్ సేఠు భగవంతుని సాక్షిగా ప్రమాణము చేయుదమనెను. ప్రమాణము తప్పినవానికి మొగము చూపుకొనుటకు చోటుండదు, బాగుగా ఆలోచించుకొనుడని గాంధీజీ హెచ్చరించెను. అందఱును లేచి నిలిచి ప్రమాణము చేసిరి. మఱునాడే ఆ నాటకశాల ప్రమాదవశమున అగ్గిపాలయ్యెను! శకునములు నమ్మువారు దానికి శుభార్థము చెప్పుకొనిరి.

లండనునకు రాయబారము వెళ్లగా మంత్రి ఎల్గిను ప్రభువు సమ్మతిని నిలిపివేయించెను. ఆ ఊరట కొన్ని వారములదే. 1907లో ట్రాన్సువాలునకు స్వపరిపాలన రాగా, క్రొత్త శాసనసభ మార్చిలో దానినే చర్చ లేకుండ ఆమోదించినది. జూలై 1వ తేదీనుండి అమలు. పదమూడు వేల మంది భారతీయులలో నమోదైనవారు ఇంచుమించు ఐదు వందలు. చీనా దేశస్థులును లియాంగ్ క్విన్ నాయకత్వమున మనవారితో పాటు ఎదిరించిరి. 1908 జనవరి 10వ తేదీన గాంధీజీకి రెండు నెలల చెఱ పడినది. తాను న్యాయవాదిగా వాదించిన న్యాయస్థానముననే ముద్దాయిగా నిలిచెను.

ఆ నెల 30వ తేదీన జనరలు స్మట్సుతో రాజీ కుదిరినది. భారతీయులు తమంత తాము నమోదు కావలెను. చట్టమును ప్రభుత్వము రద్దు చేయవలెను. గాంధీజీ అర్థము చేసికొన్నది ఇది. ఆ రాత్రియే మసీదు ఆవరణలో సభ పెట్టి చెప్పగా పఠానులు మండిపడిరి. నిన్నటి వఱకు వేలిముద్రలు దొంగలవి అంటివి, నేడు వేయుమనుచున్నావు, ఇదేమని వారి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నయే. నిన్న బలవంతమున వేసిన దోషము, నేడు ఇష్టమున వేసిన మర్యాద అని ఆయన సమాధానము. వంగి మ్రొక్కుమని శాసించినచో మ్రొక్కము; ఎదురుపడిన పెద్దకు మనమే చేతులు జోడింతుము. ఈ భేదము నడివీథిలో బేడీలకు భయపడు సామాన్యునకు తెలియుట కష్టము. తెలియలేదు గనుకనే ఫిబ్రవరి 10వ తేదీన కఱ్ఱలు లేచినవి. చదువుకొన్నవారు వేలిముద్రకు బదులు సంతకము చేయవచ్చునని రాజీలో నున్నను, గాంధీజీ డోక్ పాదరీ గారి యింట గాయములతో పడకపై నుండియే అధికారిని పిలిపించుకొని పది వేళ్ల ముద్రలు వేసెను.

మనవారు మాట నిలుపుకొనిరి. చట్టము రద్దు కాలేదు. అట్టి వాగ్దానమే చేయలేదని స్మట్సు వాదించెను. ఇష్టముతో ఇచ్చినది మఱల నిర్బంధమై కూర్చుండెను. పత్రము అదే, ముద్ర అదే. దాని వెనుక నున్న ఒడంబడిక మాత్రము పోయినది. ఆగస్టు 16వ తేదీన సభ మొదలగు సమయమునకు, చట్టము రద్దు చేయమని తెలుపు ప్రభుత్వపు తంతిని ఒక స్వచ్ఛంద సేవకుడు సైకిలుపై తెచ్చెను. రెండువేలకు పైగా పత్రములు మండినవి. మీర్ ఆలమ్ వచ్చి తాను చేసినది తప్పని చెప్పి, తన పత్రమును కూడ ఇచ్చెను.

ఈ కథను మనము గర్వముతో చెప్పుకొందుము గాని, దానిలోని ఒక లోపమును దాచుట తగదు. ఆ నేల సొంతదారులైన ఆఫ్రికావారికి పాసుల పీడ మనవారికంటె ఎన్నో రెట్లు ఎక్కువ. ఆనాటి మన అర్జీలు తఱచు మమ్ము వారితో జతపఱుపకుడని వేడుకొన్నవే గాని, వారికి మాత్రము పాసులేల యని అడిగినవి కావు. 1952లో పాసుల రద్దు అను పేరుగల చట్టముతోనే ఆఫ్రికావారందఱి చేతికిని మఱింత లావైన గుర్తింపు పుస్తకమును అంటగట్టిరి. 1956 ఆగస్టు 9వ తేదీన సుమారు ఇరువది వేలమంది స్త్రీలు దానికెదురుగా ప్రిటోరియాలోని ప్రభుత్వ భవనములకు నడచి వెళ్లిరి. 1960 మార్చి 21వ తేదీన షార్పువిల్లులో, పాసులు లేకుండ వచ్చి మమ్ము పట్టుకొనుడని పోలీసు ఠాణా ముందు నిలిచినవారిపై కాల్పులు జరిగి, ప్రభుత్వపు లెక్క ప్రకారమే 69 మంది చనిపోయిరి. పాసు చట్టములు తొలగినది 1986లో.

మన పోరాటము 1914లో భారతీయుల ఉపశమన చట్టముతో ముగిసినది. కూలి గడువు తీరినవారిపై మూడు పౌనుల పన్ను పోయినది. మన వివాహములు చెల్లినవి. మూడవ అంశమును మాత్రము ఎవరును అంతగా చెప్పుకొనరు. నేటాలు ప్రభుత్వమిచ్చిన నివాస పత్రముపై బొటనవ్రేలి ముద్ర యుండి, అది తెచ్చినవానిదే యని తేలినచో, ఆ దేశములో ప్రవేశించుటకు అతని హక్కునకు అదియే తిరుగులేని సాక్ష్యమని ఆ చట్టమే చెప్పినది. ఎనిమిదేండ్లు చెఱసాలలకు పంపిన ముద్ర చివరకు చట్టములో మిగిలియే యున్నది, ఈసారి మనవారి పక్షమున సాక్షిగా.

ఓడల పట్టికలును మిగిలియున్నవి. దర్బను పరిసరముల తెలుగు కుటుంబములవారు, ఆంగ్ల గుమాస్తాలు చెవికి వినబడినట్లు వ్రాసికొన్న ఆ పేర్లలో, తమ ముత్తాతల ఊరు ఏదై యుండునో యని నేటికిని వెదకుకొనుచున్నారు.