పసుపు కాకటీల్ పుట్టుపూర్వోత్తరములు

బూడిదవన్నె పక్షుల జంటకు ఎఱ్ఱని కన్నులతో, పసుపుపచ్చని ఈకలతో పిల్ల యొకటి పుట్టినప్పుడు పెంచువారికి మొదట ఆశ్చర్యము, పిదప అనుమానము కలుగును. పక్షులను అమ్మినవాడు మోసగించెనా? వేరొక పోతు ఎప్పుడైన ఈ పంజరమున ఉండెనా? నిజమునకు ఇందు మోసమేమియు లేదు. తండ్రి తనలో దాచుకొన్నదానిని కుమార్తె బయటపెట్టినది, అంతియే. ఆ దాపరికము ఎట్టిదో, అది మానవుని చేతిలో ఏమయ్యెనో ఈ ప్రసంగములో విచారింతము.

కాకటీల్ ఆస్ట్రేలియా పక్షి. ఆ ఖండపు లోపలి మెట్టభూములలో నీటిని, గడ్డిగింజలను వెదకుకొనుచు గుంపులుగా తిరుగుచుండును. తోకతో కూడ సుమారు 32 సెంటీమీటర్ల పొడవు, నెత్తిమీద కుచ్చు, చెంపలపై నారింజవన్నె చుక్కలు, ఒడలంతయు బూడిదరంగు. ఇది దాని సహజరూపము. 1792లో రాబర్ట్ కెర్ దీనికి శాస్త్రీయమైన పేరు పెట్టెను. 1832లో వాగ్లర్ అను జర్మను పండితుడు దీనికై నింఫికస్ అను ప్రత్యేక ప్రజాతిని ఏర్పరచెను. చూచుటకు చిన్న చిలుకవలె నున్నను ఇది కాకటూల వంశమునకు చెందినదని 1990ల చివర జరిగిన డి.ఎన్.ఏ. పరిశోధనలు ధ్రువపరచినవి.

19వ శతాబ్ది మధ్యనాటికే ఐరోపా పంజరములలో ఇవి గ్రుడ్లు పెట్టి పిల్లలను లేపుచుండెను. అయినను నూరేండ్లు గడచువరకు రంగులో చెప్పుకొనదగిన మార్పు నిలువలేదు. 1949 ప్రాంతమున కాలిఫోర్నియాలో మచ్చల కాకటీల్ కనిపించెను. 1958లో ఫ్లోరిడాలో పసుపు కాకటీల్ వెలువడెను. 1960లలో పశ్చిమ జర్మనీనుండి ముత్యాల ఈకలది, బెల్జియమునుండి దాల్చినచెక్క వన్నెది, హాలండునుండి తెల్లమొగముది వచ్చినవి. 1960లో ఆస్ట్రేలియా ప్రభుత్వము తన దేశపు పక్షుల ఎగుమతిని నిషేధించెను. కనుక ఆ తరువాత విదేశములలోని పెంపకమంతయు అప్పటికే పంజరములలో నున్న పక్షుల సంతతితోనే సాగవలసి వచ్చెను.

ఈ రంగులను ఎవరును క్రొత్తగా సృష్టింపలేదు. కాకటీల్ ఈకలలో రెండు విధములైన వర్ణకములు కలవు. నలుపు, బూడిద వన్నెల నిచ్చునది మెలనిన్. పసుపు, నారింజ వన్నెల నిచ్చునది చిలుకజాతి పక్షులు తమ శరీరముననే తయారుచేసికొను మరియొక వర్ణకము. మెలనిన్ లోపించినచో అడుగున నున్న పసుపు బయటపడును, కన్ను ఎఱ్ఱబడును. పసుపు వర్ణకము లోపించినచో మొగము తెల్లబడి, నారింజ చుక్క మాయమగును. ఈ రెండు లోపములును ఒకే పక్షిలో కలిసినప్పుడు శుద్ధశ్వేతమైన కాకటీల్ పుట్టును. మనము క్రొత్త రంగు అని మెచ్చుకొనుచున్నది నిజమునకు పాత రంగులో ఒక తీసివేత!

ఈ తీసివేత తరతరములకు ఎట్లు సంక్రమించును? గ్రెగర్ మెండెల్ 1865లో బఠానీ మొక్కలనుగూర్చి చదివిన వ్యాసమునుండి మనకు దారి దొరకినది. ఒక లక్షణము ఒక తరమున అణగియుండి, మరుతరమున తలయెత్తవచ్చునని ఆయన చూపెను. పక్షుల విషయమున మరియొక విశేషము కలదు. మానవులలో ఒకే రకపు లింగ క్రోమోజోములు రెండు గలది స్త్రీ. పక్షులలో అట్లు గలది పోతు. పోతునకు రెండు జడ్ క్రోమోజోములు. పెట్టకు ఒక జడ్, ఒక డబ్ల్యు. ఫ్లారెన్స్ డర్‌హామ్, మారియట్ అను ఇరువురు స్త్రీలు 1908లో దాల్చినచెక్క వన్నె కానరీ పక్షులపై తమ పరిశోధనను ప్రకటించుచు, రంగు లింగముతో ముడిపడి సంక్రమించుటను చూపిరి. అనగా పసుపు కాకటీల్ పుట్టుటకు ఏబదియేండ్ల ముందే దాని లెక్క సిద్ధమై యుండెను.

ఆ లెక్క కష్టమైనది కాదు. పసుపు లోపము జడ్ క్రోమోజోముపై నుండును. పోతునకు రెండు జడ్‌లు గనుక, ఒకటి లోపించినను రెండవది కాపాడును. పక్షి బూడిదగానే యుండును. పెట్టకు ఉన్నది ఒక్కటియే గనుక దాచుకొనుటకు చోటు లేదు. పసుపు పోతును, బూడిద పెట్టను జతకూర్చినచో కుమార్తెలందరు పసుపు, కుమారులందరు బూడిద. బూడిద పోతును, పసుపు పెట్టను కలిపినచో పిల్లలన్నియు బూడిదయే. కాని ప్రతి కుమారుడును లోపమును లోలోపల మోయుచుండును. అట్టి కుమారుని బూడిద పెట్టతో కలిపినప్పుడు సగటున కుమార్తెలలో సగము పసుపు. మనము మొదట చెప్పుకొన్న గూటిలో జరిగినది ఇదియే. మచ్చలదియు, తెల్లమొగముదియు ఈ దారిలో నడువవు. అవి తలిదండ్రులిరువురినుండియు వచ్చినప్పుడే బయటపడును.

ఇంతవరకు ప్రకృతి ధర్మము. ఇక మానవుని బాధ్యత. అడవిలో పసుపు పిల్ల డేగ కంటికి సులభముగా చిక్కును. పంజరములో దానికే గౌరవము, దానికే వెల. మొదట పసుపు పక్షులు కొలదిగా నుండుటచే, రంగును త్వరగా వృద్ధిచేయదలచినవారు తండ్రిని కుమార్తెతో, అన్నను చెల్లెలితో జతకూర్చిరి. అణగియున్న రంగు జతపడి బయటికి వచ్చు మార్గముననే అణగియున్న దోషములును వచ్చును. అనేకములైన పసుపు కాకటీళ్లకు కుచ్చు వెనుక ఈకలు లేని బట్టతల కనిపించును. దగ్గర చుట్టరికములలో జతకూర్చుచు, రంగు నొక్కదానినే చూచి ఎన్నిక చేయుటచే ఇది స్థిరపడెనని అనుభవజ్ఞులైన పెంపకందారుల అభిప్రాయము.

దీనికి విరుగుడు కూడ ఆ లెక్కలోనే యున్నది. పసుపు పెట్టకు చుట్టరికము లేని, దట్టమైన ఈకలుగల బూడిద పోతును జతచేయవలెను. మొదటి తరమున ఒక్క పసుపు పిల్లయు పుట్టదు. తొందరపడువాడు ఇచ్చటనే నిరాశపడి ఆ బూడిద పిల్లలను చౌకగా అమ్మివేయును. ఓర్పుగలవాడు వాటిలో ఆరోగ్యవంతమైన కుమారుని నిలుపుకొని, పరాయి వంశపు పెట్టతో కలిపి, మరుతరమున రంగును, ఈకల నిండుతనమును కూడ పొందగలుగును.

కనుక కాకటీల్‌ను ఇంటికి తెచ్చుకొనువారు రంగుకు మురియుటకు ముందు, కుచ్చు వెనుక నెమ్మదిగా ఊది చూడవలెను. తలిదండ్రు లెవరో అడుగవలెను. పిల్లలను లేపువారు ఏ జంటకు ఏ పిల్ల పుట్టినదో ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. అంగడిలో పసుపు పిల్లకే గిరాకి యెక్కువ. కాని దాని వంశమును బాగుచేయగల శక్తి ప్రక్క పంజరములో, ఎవరును చూడకుండ కూర్చున్న బూడిద పోతులో ఉండవచ్చును.